స్టైవెసాంట్ నియంతా, న్యూయార్క్ సహనానికి ఆద్యుడా? 20 నిమిషాల్లో ఎలా చెప్పాలి?

మూసీతీరం:
చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి వచ్చే మా చరిత్ర బృందంలో అమెరికాలో ఇప్పటి న్యూయార్క్ ప్రాంతంలో ఉన్న డచ్చి వలస, న్యూ నెదర్లాండ్ గురించి మాట్లాడాలి. దాని పాలకుడు పీటర్ స్టైవెసాంట్‌ను కొందరు కొయ్యకాలి నియంత అంటారు. మరికొందరేమో న్యూయార్క్‌లో అన్ని మతాలవాళ్లూ బతకగలగడానికి డచ్చివాళ్లే కారణమంటారు. ఈ రెంటికీ పొంతన ఎలా? మన మచిలీపట్నం వలందపాలెంలో ఉన్న డచ్చి కంపెనీ, న్యూ నెదర్లాండ్‌ను ఏలిన కంపెనీ ఒకటేనా? ఇది కచ్చితంగా అడుగుతారు.

పాతదస్తావేజు:
ఒకటి కాదండీ. మన తీరానికి వచ్చింది 1602లో పుట్టిన ఈస్టిండియా కంపెనీ. న్యూ నెదర్లాండ్‌ను ఏలింది 1621 నాటి వెస్టిండియా కంపెనీ. 1609లో ఆ ప్రాంతానికి చేరిన నావికుడు హడ్సన్‌ను పంపింది మాత్రం ఈస్టిండియా వాళ్లే, అందుకే చాలామంది తికమకపడతారు.

ఇక సహనం సంగతి. స్టైవెసాంట్ 1647 నుంచి 1664 దాకా డైరెక్టర్ జనరల్, అంటే కంపెనీ జీతగాడు. ఆయన మాటను కొట్టేయగలిగిన కంపెనీ డైరెక్టర్లు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నారు. మీ ప్రసంగానికి ఇదే ఇరుసు. 1654లో బ్రెజిల్‌లోని రెసీఫె నుంచి యూదులు వస్తే వెళ్లగొడతానని రాశాడు. 1655లో డైరెక్టర్లు వాళ్లను ఉండనివ్వాలని ఆదేశించారు. కారణాలు కూడా రాశారు: బ్రెజిల్ డచ్చివాళ్ల చేజారడంతో యూదులు నష్టపోయారు, కంపెనీలో వాళ్ల పెట్టుబడి పెద్దది. పైగా వాళ్ల పేదలను వాళ్లే పోషించుకోవాలని షరతు.

1657 డిసెంబర్ 27న ఆ వలసలోని ఫ్లషింగ్ ఊరివాళ్లు క్వేకర్లపై (ఒక క్రైస్తవ శాఖవాళ్లు) నిషేధాన్ని పాటించలేమని సంతకాలు పెట్టి ఇచ్చారు. సంతకాలు చేసినవాళ్లు ఇంగ్లిషువాళ్లు, క్వేకర్లు కారు. తమది కాని మతం కోసం నిలబడ్డారు, దీనికి తప్పకుండా సమయం ఇవ్వండి. స్టైవెసాంట్ కొందరిని జైల్లో పెట్టాడు. అర్జీ అప్పటికి ఓడిపోయింది. 1662లో జాన్ బౌన్ అనే అతను తన ఇంట్లో క్వేకర్ల ప్రార్థనలు జరగనిచ్చినందుకు, అతన్ని స్టైవెసాంట్ దేశం నుంచి పంపించేశాడు. బౌన్ ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి మొరపెట్టుకుంటే, 1663లో ఎవరి మనస్సాక్షినీ బలవంతపెట్టొద్దని డైరెక్టర్లు రాశారు.

నగరపాలన కథా ఇలాంటిదే. పన్నులకు జనం ఒప్పుదల కావాలి కాబట్టి 1647లో తొమ్మిదిమంది సలహా మండలిని స్టైవెసాంటే పెట్టాడు. అందులో చేరిన వాన్ డర్ డాంక్ 1649లో ఆయనపైనే హేగ్‌లోని డచ్చి ప్రభుత్వానికి ఫిర్యాదు పట్టుకెళ్లాడు. 1653 ఫిబ్రవరిలో న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌కు (ఇప్పటి న్యూయార్క్ నగరం) ఇద్దరు బర్గోమాస్టర్లు (నగర పెద్దలు), ఐదుగురు షెపెన్లతో (న్యాయాధికారులు) నగర సభ వచ్చింది. అది ఎన్నికైన సభ అనకండి, మొదటి సభ్యులను స్టైవెసాంటే నియమించాడు.

గోల్కొండ_పాఠకుడు:
పాతదస్తావేజు గారితో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ బానిసత్వం లేకుండా ఈ ప్రసంగం చేస్తే అది సగం అబద్ధమవుతుంది. 1644లో స్టైవెసాంట్‌కు ముందున్న డైరెక్టర్ కీఫ్ట్ హయాంలో 11 మంది కంపెనీ బానిసలకు, వాళ్ల భార్యలకు ఇచ్చిన విడుదల పత్రం చదివి వినిపించండి. ఒక్కొక్కరు ఏటా 30 షెపెల్‌ల (డచ్చి కొలత) ధాన్యం, బలిసిన పంది ఒకటి కట్టాలి. పిలిస్తే కంపెనీ పనికి రావాలి. పిల్లలు, పుట్టబోయేవాళ్లు సహా, బానిసలుగానే ఉంటారు. అప్పటికి ఆదివాసులతో కీఫ్ట్ మొదలుపెట్టిన యుద్ధం నడుస్తోంది, వాళ్లకు భూములు నగరానికి ఉత్తరాన, అంటే దాడి వస్తే ముందు తగిలేచోట ఇచ్చారు. దాన్ని దయ అని ఎలా అనగలం?

అలాగే 1653 నాటి గోడ, ఇప్పటి వాల్ స్ట్రీట్. ఇంగ్లిషువాళ్ల దాడి భయంతో కట్టిన కలప దడి అది. ఆ పనిలో బానిసల చెమట ఉంది.

మూసీతీరం:
ధన్యవాదాలండీ. 1664లో ఇంగ్లిషువాళ్లకు లొంగిపోయిన సంగతి ఎంతవరకు చెప్పాలి? మన్‌హాటన్ దీవిని ఆదివాసుల దగ్గర 24 డాలర్ల పూసలకు పీటర్ మినూట్ కొన్నాడన్న కథ వాడొచ్చా?

పాతదస్తావేజు:
24 డాలర్లు వాడకండి. అసలు కొనుగోలు పత్రం మిగల్లేదు. ఉన్నది 1626 నవంబర్ 5 నాటి ఒక ఉత్తరం, అందులో 60 గిల్డర్ల (డచ్చి నాణేలు) విలువ అని మాత్రమే ఉంది. పూసల ప్రస్తావన లేదు, పీటర్ మినూట్ పేరూ లేదు. దాన్ని డాలర్లలోకి మార్చింది 19వ శతాబ్దంవాళ్లు.

లొంగుబాటుకు ఐదు నిమిషాలైనా ఉంచుకోండి. నాలుగు ఇంగ్లిషు ఓడలు వస్తే స్టైవెసాంట్ పోరాడతానన్నాడు. 93 మంది పెద్దలు వద్దని రాసిచ్చారు, అందులో ఆయన కొడుకు సంతకమూ ఉంది. కోటలో మందుగుండు చాలదు. ఒప్పందంలో 8వ షరతు డచ్చివాళ్ల ఆరాధనా స్వేచ్ఛను, 11వది వారసత్వ ఆచారాలను కాపాడింది. అందుకే డచ్చి దంపతులు ఉమ్మడి వీలునామాలు రాయడం, స్త్రీలు సొంతంగా వ్యాపారం చేయడం ఇంగ్లిషు పాలనలోనూ కొంతకాలం సాగాయి. తర్వాత ఇంగ్లిషు చట్టం మెల్లగా వాటిని మింగేసింది.

తేదీల దగ్గర జాగ్రత్త. డచ్చి కాగితాల్లో కొత్త (గ్రెగోరియన్) క్యాలెండర్, ఇంగ్లిషువాటిలో పాతది (జూలియన్). పది రోజుల తేడా. లొంగుబాటు ఒప్పందంపై స్టైవెసాంట్ సంతకం సెప్టెంబర్ 8 అని ఒకచోట, ఆగస్టు 29 అని ఇంకోచోట కనిపిస్తే రెండూ ఒకే రోజు. స్లైడ్ల మీద ఒకే పద్ధతి పాటించండి.

గోల్కొండ_పాఠకుడు:
ఒక్కమాట. ఆ వలస మూల పత్రాలు సుమారు 12,000 పేజీలు న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీలో ఉన్నాయి. 1911 అగ్నిప్రమాదంలో కొన్నిటి అంచులు కాలినా చాలావరకు దక్కాయి. 19వ శతాబ్దపు అనువాదాల్లో తప్పులెక్కువ. 1974లో చార్లెస్ గెరింగ్ మొదలుపెట్టిన అనువాదాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఉటంకింపులు వాటినుంచే తీసుకోండి.