సమస్య: నాల్గు తరువాత పదునైదు నడచి వచ్చె

నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. నిన్న రాత్రి పాత కేలండర్ల గురించి చదువుతుంటే ఈ పాదం దానంతట అదే వచ్చి కూర్చుంది. పొద్దున్న లేచేదాకా వదల్లేదు.

*నాల్గు తరువాత పదునైదు నడచి వచ్చె*

పూరణలో అక్టోబరు నెలలో ప్రపంచంలో ఎక్కడైనా నిజంగా జరిగిన సంఘటన ఒకటి ఉండాలి. గడువు ఆదివారం రాత్రి వరకు. పోయిన నెల తగువు ఇక్కడికి తీసుకురావద్దని గోదారిగట్టు గారికీ, పలనాటి పద్యం గారికీ ముందే మనవి.

ఖగోళం మాస్టారు:
నిర్వాహకుల వారు నా మనసులో మాట పట్టుకున్నారు. స్కూల్లో ఈ కథ చెప్పినప్పుడల్లా పిల్లలు నమ్మేవారు కారు.

రోము గురు నానతిని బది రోజు లణగె;
గురుదినమ్మున నిద్రించి, కునుకు తీరి
శుక్రవారాన లేవగ జోద్యమాయె:
నాల్గు తరువాత పదునైదు నడచి వచ్చె.

1582 అక్టోబరు 4 గురువారం. ఆ మర్నాడు శుక్రవారం, కానీ తేదీ 15. పోప్ పదమూడో గ్రెగరీ ఆ ఏడు ఫిబ్రవరి 24న శాసనం ఇచ్చాడు. జూలియస్ సీజర్ నాటి లెక్కలో ఏడాదికి 365 రోజుల 6 గంటలు. సూర్యుడి లెక్క అంతకంటే సుమారు 11 నిమిషాలు తక్కువ. 11 నిమిషాలే కదా అనిపిస్తుంది కానీ 128 ఏళ్లకు అది ఒక రోజు అవుతుంది. 325లో క్రైస్తవ మతాచార్యుల నైసియా సభ నాటికి మార్చి 21న ఉన్న విషువం, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, 1582కి మార్చి 11కి జరిగిపోయింది. అందుకే పది రోజులు తీసేశారు. వారాలను మాత్రం ముట్టుకోలేదు, చూశారా? అదే నాకు నచ్చే సంగతి.

సిరిమల్లె:
మాస్టారూ, ‘రోము గురు నానతిని’ అని నుగాగమం (పదాల నడుమ ‘న’ చేరడం) ఎంత హాయిగా పడింది! రోము గురువు ఆజ్ఞ, గురువారం నిద్ర, మెలకువేమో శుక్రాచార్యుల వారి రోజున. దేవగురువు దగ్గర పడుకుని అసురగురువు దగ్గర లేచారన్నమాట. మీరు అనుకుని రాశారో, అదే కుదిరిందో తెలియదు కానీ నేను నాలుగుసార్లు చదువుకున్నాను.

ఖగోళం మాస్టారు:
గురువు వరకు అనుకునే రాశానమ్మా. శుక్రుడి సంగతి నువ్వు చెప్పాకే తట్టింది. ఆ ఘనత నీదే.

గోదారిగట్టు:
మాస్టారి పూరణ నిండుగా ఉంది. నేను ఒక్క మాట పట్టుకుని అల్లాను.

పోపు వేసిన ఘాటుకు బొగిలిపోయి
పది దినమ్ములు పొయిలోన భస్మమయ్యె;
నిటలి స్పెయినుల పంచాంగ మిట్లు మారె;
నాల్గు తరువాత పదునైదు నడచి వచ్చె.

పంచాంగం బాబాయి:
ఒరేయ్ అబ్బాయ్, పోప్ గారిని తాళింపులో వేశావా! శ్లేష బలంగా ఉంది. ‘పొయి’ పక్కనే ఉండటంతో ఇంకా పండింది.

పలనాటి పద్యం:
శ్లేష బాగుంది, ఒప్పుకుంటాను. గోదారిగట్టు గారికి శ్లేషలో ఇక్కడ సాటి లేరు. మూడో పాదం మాత్రం నిలవదు.

‘ఇటలి స్పెయినుల’ అన్నారు. బహువచనం రెండింటికీ కలిపి ఒక్కసారే వచ్చింది, అంటే ద్వంద్వ సమాసం. సమాసంలో ‘స్పె’ ముందున్న ‘లి’ గురువు. అప్పుడు మొదటి గణం రెండు లఘువులు, ఒక గురువు. పాదం మొదట రావలసిన సూర్యగణం (గురువు, లఘువు; లేదా మూడు లఘువులు) కాదు. గణభంగం.

గోదారిగట్టు:
అవి రెండు వేరు వేరు పదాలండీ. ఇటలి వేరు, స్పెయిను వేరు. వేరు పదంలోని సంయుక్తం ముందు అచ్చ తెలుగులో లఘువును లఘువుగానే ఉంచుతాం.

పలనాటి పద్యం:
వేరైతే ‘ఇటలికి, స్పెయినుకు’ అనాలి. విభక్తి ఒక్కచోటే పెట్టి పదాలు వేరంటే ఎలా? ఇదే పొరపాటు పోయిన నెల రష్యా విప్లవం మీద రాసిన పూరణలోనూ చేశారు. ‘పెట్రొగ్రాదు’లో ‘గ్రా’ ముందున్న ‘ట్రొ’ను లఘువుగా లెక్కపెట్టారు. అక్కడ ఒకే పదం, వేరు పదమనే వాదనకు చోటే లేదు. అప్పుడు ఎవరూ పట్టుకోలేదు. నేను చెప్పినా వినలేదు.

గోదారిగట్టు:
మీరు ఆ రోజు చెప్పింది గణం గురించి కాదు. అక్టోబరు విప్లవాన్ని నవంబరులో పెట్టానని తప్పుపట్టారు. అది తప్పు కాదని అప్పుడే చెప్పాను, మళ్లీ చెబుతున్నాను. విప్లవం వచ్చిన రోజు రష్యా వాళ్లకు 1917 అక్టోబరు 25, కొత్త కేలండరు వాడే దేశాలకు నవంబరు 7. సోవియట్ కాలంలో మాస్కోలో ఉత్సవాలు జరిపింది కూడా నవంబరు 7ననే.

ఖగోళం మాస్టారు:
ఈ విషయంలో గోదారిగట్టు గారిదే సరి. రష్యా 1918లో కొత్త లెక్కకు మారింది. జనవరి 31 మర్నాడు ఫిబ్రవరి 14. అక్కడ పోయినవి 13 రోజులు. 1582లో పది చాలినప్పుడు ఇక్కడ 13 ఎందుకు కావలసి వచ్చాయంటే, 1700, 1800, 1900 పాత లెక్కలో లీపు సంవత్సరాలు, కొత్త లెక్కలో కావు. మధ్యలో మూడు రోజులు పెరిగాయి. వందల సంవత్సరాల్లో 400తో భాగించబడేవి మాత్రమే లీపు. 400 ఏళ్లకు 97 లీపులు. ఈ ఒక్క సూత్రం కోసం జీవితం ధారపోసినవాడు కలాబ్రియా వైద్యుడు లూయిజీ లిలియో. 1576లోనే కన్నుమూశాడు. ఆయన లెక్కను సోదరుడు ఆంటోనియో రోముకు సమర్పించాడు. క్లావియస్ అనే జెసూట్ (కాథలిక్ సన్యాసి సంఘం) గణితజ్ఞుడు దాన్ని తర్వాత లోకానికి వివరించి, వచ్చిన విమర్శలకు జవాబులు రాశాడు. పేరు మాత్రం పోపుకు దక్కింది. ఎప్పుడు చెప్పినా నాకు గుండె బరువెక్కుతుంది.

అయితే ‘ఇటలి స్పెయినుల’ విషయంలో పలనాటి వారిదే సరి.

గోదారిగట్టు:
మాస్టారి మాటకు ఎదురు చెప్పను. మారుస్తాను.

ఇటలి పోర్చుగల్ పంచాంగ మిట్లు మారె

స్పెయిను పోయినందుకు బాధ లేదు. అప్పటికి పోర్చుగల్ కూడా స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ ఏలుబడిలోనే ఉంది. రెండు చోట్లా అదే రోజున మారింది.

నిర్వాహకుడు:
సవరణ మూలం కన్నా బాగుంది. ‘పోపు’, ‘పొయి’, ‘పోర్చుగల్’ వరసగా పలుకుతున్నాయి. పోయిన నెల తగువు ఇంతటితో వదిలేద్దాం.

సిరిమల్లె:
నాకు రాజులూ పోపులూ పట్టలేదు. ఒక అమ్మ గుర్తొచ్చింది. స్పెయిన్‌లో అవిలా నగరపు సెయింట్ తెరెసా 1582 అక్టోబరు 4 రాత్రి ఆల్బా దె తోర్మెస్ మఠంలో తనువు చాలించింది. మర్నాడే పూడ్చారు. ఆ మర్నాడు తేదీ 15. అందుకే ఇప్పటికీ ఆమె పండుగ అక్టోబరు 15న చేస్తారు.

నాల్గవ దినాన తెరెసమ్మ నాకమునకు
దరలె రాతిరి; మరునాడె ధరణి జేరె;
నడుమ నొక రేయియే కాని నాళ్లు లేవు;
నాల్గు తరువాత పదునైదు నడచి వచ్చె.

ఖగోళం మాస్టారు:
అమ్మా, చదివి కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. మేమందరం రోజులు ఎక్కడికి పోయాయో చెప్పాం. నువ్వు ఆ రాత్రిని చూపించావు. ‘నడుమ నొక రేయియే కాని నాళ్లు లేవు’ అన్న పాదం ఒక్కటి చాలు.

పలనాటి పద్యం:
సిరిమల్లె గారూ, మీ పద్యంలో వేలు పెట్టేందుకు చోటు దొరకలేదు. ‘తెరెసమ్మ’ అని మన ఊరి పేరులా పిలవడం బాగుంది. మా వైపు చర్చి ఉన్న పల్లెల్లో అలాగే అంటారు.

గోదారిగట్టు:
పలనాటి వారు తప్పు వెతకలేదంటే పద్యం తప్పు లేనిదే. మరి మీ పూరణ ఏదండీ? అందరివీ దిద్దుతున్నారు, మీదింకా రాలేదు.

పలనాటి పద్యం:
ఇదిగో. అందరూ 1582 దగ్గరే ఆగిపోయారు. నేను 1957కి వచ్చాను.

గగనమెక్కెను స్పుత్నిక్కు ఘనతతోడ
నాలుగవ నాడు, రామేశు నగరి బిడ్డ
జన్మదినమదె వెన్నంటి జరుగుచుండ
నాల్గు తరువాత పదునైదు నడచి వచ్చె.

స్పుత్నిక్ ఎగిరింది 1957 అక్టోబరు 4న. ఆ నెల 15కి అబ్దుల్ కలాం గారికి 26 ఏళ్లు నిండాయి. తర్వాత మన శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ ఎగిరినప్పుడు దాని వెనుక ఉన్న మనిషి ఆయనే.

గోదారిగట్టు:
‘ఎక్కెను స్పుత్నిక్కు’లో ‘ను’ లఘువే. ఇక్కడ సమాసం లేదు కాబట్టి ఆ నియమం తగలదు. మీకు తగలని నియమాన్ని మీ మీద రుద్దను.

నా అభ్యంతరం వేరు. సమస్యలో చిక్కు ఏమిటి? నాలుగు కాగానే పదిహేను రావడం. మీ పూరణలో నాలుగు తర్వాత ఐదు వచ్చింది, ఆరు వచ్చింది, మామూలుగా పదిహేను వచ్చింది. ఏ నెలలోనైనా అంతే కదా! చిక్కు విప్పలేదు, పక్కనుంచి వెళ్లిపోయారు. గణాలు లెక్కపెట్టడంలో మిమ్మల్ని మించినవారు లేరు. సమస్యలోని ముడిని కూడా అంత శ్రద్ధగా చూసి ఉంటే బాగుండేది.

పలనాటి పద్యం:
‘వెన్నంటి’ అన్నాను కదా.

నిర్వాహకుడు:
‘వెన్నంటి’ అన్న మాట ఆ పదకొండు రోజుల దూరాన్ని దాటించలేదు. పద్యంగా అందంగా ఉంది. నడక పలనాటి వారిదే అని వెంటనే తెలుస్తుంది. పూరణగా మాత్రం గోదారిగట్టు గారి మాటే నిలుస్తుంది.

పంచాంగం బాబాయి:
ఇంతసేపు ఓపిక పట్టాను. పది రోజులు మాయమయ్యాయని మీరంతా ఆశ్చర్యపోతుంటే నాకు విచిత్రంగా ఉంది. మన పంచాంగంలో సూర్యోదయాన్ని తాకని తిథిని క్షయతిథి అంటాం. విదియ మర్నాడు చవితి రావడం మన ఇళ్లలో ఎన్నిసార్లు చూడలేదు? కాకపోతే మనకు పోయేది ఒక్కటే.

తిథికి క్షయమున్న నొక్కటే తీరిపోవు;
పదిటి కొకసారె క్షయమును బడసిరంట
యీస్టరును దారి బెట్టగ నింత జేసి;
నాల్గు తరువాత పదునైదు నడచి వచ్చె.

ఖగోళం మాస్టారు:
బాబాయి గారూ, అసలు కారణం చెప్పింది మీరొక్కరే. ఈస్టర్‌ను విషువం తర్వాతి పున్నమిని బట్టి లెక్కిస్తారు. విషువం జరిగిపోతే పండుగ కూడా జరిగిపోతుంది. అక్టోబరునే ఎంచుకోవడానికి కూడా పండుగలే కారణం. ఆ రోజుల్లో చర్చికి ముఖ్యమైన పండుగలు తక్కువ. 4న సెయింట్ ఫ్రాన్సిస్ పండుగ కానిచ్చి, ఆ తర్వాత కత్తెర వేశారు.

సియాటిల్ చినుకు:
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. ఇంగ్లండ్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? వాళ్లకూ పది రోజులే పోయాయా?

ఖగోళం మాస్టారు:
లేదు బాబూ. వాళ్లు 1752 దాకా మారలేదు. సెప్టెంబరు 2 మర్నాడు 14. పోయినవి 11. ఈ సమస్యకు పనికిరాదు, నెలా అంకెలూ రెండూ తప్పుతాయి.

సియాటిల్ చినుకు:
అయితే మాకు దగ్గర్లో జరిగిన అక్టోబరు కథ ఒకటి చెబుతాను. అలాస్కాను రష్యా 72 లక్షల డాలర్లకు అమెరికాకు అమ్మింది. అక్కడి సిట్కా పట్టణంలో జెండా మారింది 1867 అక్టోబరు 18న. రష్యా లెక్కలో అక్కడ ముందు రోజు అక్టోబరు 6, శుక్రవారం. మర్నాడు అక్టోబరు 18, అదీ శుక్రవారమే! మామూలుగా మర్నాడు 7, శనివారం; కొత్త లెక్కకు 12 కలిపితే 19. కానీ రోజు మారే అంతర్జాతీయ తేదీ రేఖ అవతలి పక్క నుంచి ఇవతలికి వచ్చారు కాబట్టి ఒక రోజు వెనక్కి. 1582లో వారాలు చెదరలేదని మాస్టారు మురిసిపోయారు కదా, ఇక్కడ వారమే రెండుసార్లు వచ్చింది.

ఖగోళం మాస్టారు:
నలభై ఏళ్లుగా ఈ పాఠం చెప్పాను. ఈ సంగతి పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు! చాలా సంతోషం బాబూ.

నిర్వాహకుడు:
ఈసారి సిరిమల్లె గారి పూరణకే నా ఓటు. గోదారిగట్టు గారి సవరించిన పద్యాన్ని కూడా దాని పక్కన పెడుతున్నాను.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటం గురించి ఎందుకు అడగలేదని ఒకరిద్దరు విడిగా రాశారు. దానికి వేరే సమస్య ఇస్తాను, ఇందులో ఇరికించను.

సియాటిల్ తమ్ముడు చెప్పింది వింటుంటేనే తర్వాతి పాదం వచ్చేసింది. ఆగలేను, ఇచ్చేస్తున్నాను.

*శుక్రవారము గడువగా శుక్రుడాయె*

పలనాటి పద్యం:
ముడి పక్కనుంచి వెళ్లానన్న మాట ఈసారి రాకూడదని వెంటనే కూర్చుని రాశాను.

రష్య జెండాలు దిగినట్టి రాజ్యమందు
సిట్క కొండకు నమెరిక చేరి నిలువ
తేది రేఖయు నటునిటు దిరిగి పోయె;
శుక్రవారము గడువగా శుక్రుడాయె.

గోదారిగట్టు:
ఈసారి ముడి సరిగ్గా విప్పారు. ‘సిట్క’కు ‘చేరి’ యతి బాగా కుదిరింది. కానీ ‘తేది’ అన్నారు, అది ‘తేదీ’ కదా? దీర్ఘం పెడితే మొదటి గణం పోతుంది.

పలనాటి పద్యం:
‘తేది’ కూడా వాడుకలో ఉన్న మాటే. మా తాతగారి పెళ్లి శుభలేఖలో అలాగే ఉంది. రేపు ఫొటో తీసి పెడతాను.