మాంట్రియలా, యూరప్పా? విద్యార్థుల విమానయాన అధ్యయన యాత్రకు సలహా కావాలి

ప్రశ్న: అధ్యాపకురాలు, తిరుపతి

నమస్కారం. మా కళాశాలలో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న విద్యార్థులకు, అంతర్జాతీయ విమానయాన నిబంధనలు ఎక్కడ తయారవుతాయో, గగనతలంలో విమానాలకు దారి ఎవరు చూపుతారో దగ్గరుండి చూపించాలని వచ్చే వేసవిలో వారం రోజుల విదేశీ యాత్ర తలపెట్టాం. యాజమాన్యం కెనడాలోని మాంట్రియల్‌లో ఉన్న ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) వైపు మొగ్గుతోంది. సహోద్యోగులు కొందరు యూరప్ మేలంటున్నారు. ఖర్చు పెట్టుకునేది తల్లిదండ్రులు కనుక, ఇది ఫొటోల యాత్రగా మిగిలిపోకూడదన్నది నా పట్టుదల. తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1: విశ్రాంత ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్, రేణిగుంట

అమ్మా, ఐకావో ఒక్క విమానాన్ని కూడా నడిపించదు. 1944 నాటి షికాగో ఒప్పందం నుంచి పుట్టిన ఆ సంస్థలో 193 దేశాలు కూర్చుని ప్రమాణాలు రాసుకుంటాయి. అక్కడ పిల్లలకు కనిపించేవి సమావేశ మందిరాలే. పని జరిగే చోటు చూడాలంటే నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌కు వెళ్లాలి. బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, వాయవ్య జర్మనీల మీద 24,500 అడుగులకు పైన ఎగిరే విమానాలను, యూరప్ దేశాల ఉమ్మడి గగనతల నిర్వహణ సంస్థ యూరోకంట్రోల్ అక్కడి ఒకే కేంద్రం నుంచి నియంత్రిస్తుంది. బ్రస్సెల్స్‌లో దాని ప్రధాన కార్యాలయం, కొలోన్‌లో యూరోపియన్ విమానయాన భద్రతా సంస్థ ఉన్నాయి. మూడింటికీ ఒక్క షెంగెన్ వీసా చాలు.

అంతకంటే ముందు, అనుమతి తీసుకుని మన రేణిగుంట టవరూ, చెన్నై ఏరియా కంట్రోల్ కేంద్రమూ చూపించండి. శ్రీహరికోట ప్రయోగానికి ముందు జారీ అయ్యే నోటమ్ (విమాన సిబ్బందికి ఇచ్చే హెచ్చరిక ప్రకటన) ఒకటి పిల్లల చేతికివ్వండి. అందులో సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం కలిసి పది అంకెల్లో ఉంటాయి. చివర 0400 అని ఉంటే అది అంతర్జాతీయ కాలమానం, మనకు ఉదయం తొమ్మిదిన్నర. మన జిల్లా నుంచి లేచే రాకెట్ కోసం బంగాళాఖాతం మీద విమానాలు దారి మార్చుకోవడం వెనుక ఐకావో ప్రమాణం ఎలా పనిచేస్తుందో ఆ ఒక్క కాగితంతో అర్థమవుతుంది.

సమాధానం 2: న్యాయశాస్త్ర అధ్యాపకుడు, చిత్తూరు

పెద్దవారి మాట కాదనను గానీ, మాంట్రియల్‌ను సమావేశ మందిరాలని తీసిపారేయడం సరికాదు. ఐకావో ప్రమాణాన్ని పాటించలేని దేశం ఆ తేడాను షికాగో ఒప్పందం 38వ అధికరణం కింద తెలియజేయాలి. పోలీసులూ జరిమానాలూ లేని ఈ ఏర్పాటు ఇన్నేళ్లు ఎలా నిలిచిందో అక్కడి అధికారులను అడిగితేనే తెలుస్తుంది. విమానయాన సంస్థల సంఘమైన ఐఏటీఏ, 1951లో మొదలైన మెక్‌గిల్ విశ్వవిద్యాలయ వాయు, అంతరిక్ష న్యాయ సంస్థ కూడా ఆ ఊళ్లోనే ఉన్నాయి.

ఎక్కడికి వెళ్లినా మనదైన ప్రశ్న ఒకటి పట్టుకెళ్లాలి. తిరుమల మీదుగా విమానాలు ఎగరకూడదన్న కోరిక మనం తరచూ వింటున్నదే. ఒక దేశం తన గగనతలంలో కొంత ప్రాంతాన్ని ఇతర దేశాల విమానాలకు మూసివేయడానికి షికాగో ఒప్పందం 9వ అధికరణం చెప్పే కారణాలు సైనిక అవసరం, ప్రజా భద్రత. ఆ ప్రాంతం సహేతుకమైన పరిధిలో ఉండాలి. అంతర్జాతీయ షెడ్యూల్డ్ సర్వీసులు నడిపే స్వదేశీ విమానాలకూ అదే నియమం వర్తించాలి. ఆగమశాస్త్ర కారణానికి అక్కడ పేరు పెట్టి చోటివ్వలేదు. అయితే గగనతలంపై సార్వభౌమాధికారం దేశానిదేనని మొదటి అధికరణమే అంటోంది. ఈ రెండింటి నడుమ ఎంత వెసులుబాటు ఉందో విద్యార్థులే వాదించుకుని, ఆ వాదనతో వెళ్తే బాగుంటుంది.

సమాధానం 3: పూర్వ విద్యార్థి, తిరుపతి

మేడమ్ గారూ, ఆయా సంస్థల నుంచి అనుమతి పత్రం చేతికందక ముందే టికెట్లు కొనకండి. కంట్రోల్ గదులు భద్రతా ప్రాంతాలు; పాస్‌పోర్టు వివరాలు ముందే పంపమంటారు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. యూరప్‌కే ప్రతిపాదన పెడుతున్నాను. ఐకావో అధికారితో ఆన్‌లైన్ ముఖాముఖికి విడిగా లేఖ రాస్తాను. చెన్నై, రేణిగుంట సందర్శనలు ఈ సెమిస్టర్‌లోనే పెట్టించి, 9వ అధికరణంపై తరగతిలో వాదన జరిపించాకే పేర్లు తీసుకుంటాం.