అనునాదం సరే, ‘వంత’ అనకూడదా?

కావలిలో మా వీధి పిల్లలకు వేసవి సాయంత్రాలు ఆకాశం పాఠాలు చెబుతుంటాను. మొన్న గురుగ్రహంతో లెక్క కుదుర్చుకుని తిరిగే గ్రహశకలాల దగ్గరికి వచ్చి, బోర్డు మీద ‘కక్ష్యా అనునాదం’ (ఇంగ్లీషులో ఆర్బిటల్ రెజొనెన్స్) అని రాశాను. “సార్, అక్కడ గాలే లేదన్నారు, ఇక నాదం ఎక్కడిది?” అంది ఏడో తరగతి పాప. న్యాయమైన ప్రశ్న.

లెక్క మాత్రం వాళ్లకు ఇట్టే తెలిసిపోయింది. ఇంట్లో 2004, 2016 కృష్ణా పుష్కరాల ముచ్చట్లు విన్న పిల్లలే కదా. గురుడు సూర్యుణ్ని చుట్టి రావడానికి 11.86 ఏళ్లు, అదే మన పుష్కరం. హిల్డా గుంపు శకలాలకు సుమారు 7.9 ఏళ్లు. గురుడివి రెండు చుట్లయ్యేసరికి వీటివి మూడవుతాయి.

నాకు బుర్రకథ గుర్తొచ్చింది. కథకుడు ఊపిరి తీసుకునే చోటే వంతలు ‘తందాన తాన’ అందుకుంటారు. ఒకరి పాట మీద ఒకరు పడరు. హిల్డాలూ అంతే. అవి సూర్యుడికి బాగా దూరమై గురుడి దారి దరిదాపులకు వెళ్లే వేళకు గురుడు అక్కడ ఉండడు. 60 డిగ్రీలు ముందో, వెనకో, కాదంటే సూర్యుడికి అవతలో ఉంటాడు. అందుకే అంత పెద్ద గ్రహానికి దగ్గర్లో తిరుగుతూ కూడా చెదిరిపోలేదు. దీన్ని ‘వంత’ అందామా? చదివినవాళ్లు చెప్పండి.

ఒంగోలు నుంచి: మంచి మాటే అన్నా. కానీ ‘వాడికి వీడు వంత పాడుతున్నాడు’ అంటే ఇప్పుడు తిట్టే కదా. పైగా పాత కావ్యాల్లో వంత అంటే దుఃఖం.

కావలి: దుఃఖం అనే అర్థంలో ఇప్పుడెవరూ మాట్లాడరు తమ్ముడూ. తిట్టుగా మారడం ఆ మాట తప్పు కాదు. వంతలు లేకపోతే బుర్రకథే లేదు.

నెల్లూరు నుంచి: నా అభ్యంతరం వేరు తమ్ముడూ. గురుడి ఒక్క చుట్టుకు సరిగ్గా మూడు చుట్లు తిరిగే చోట శకలాలు దాదాపు లేవు. 1866లో ఖగోళ శాస్త్రజ్ఞుడు కిర్క్‌వుడ్ శకలాల మధ్య చూపించిన ఖాళీల్లో అదొకటి. అక్కడా లెక్క కుదిరింది. కుదరబట్టే గురుడి లాగుడు పోగుపడి, కక్ష్య కోలగా సాగి, చివరికి ఆ శకలాలు అంగారకుడి దారిలోకో భూమి దారిలోకో వచ్చిపడతాయి. వంత కుదిరితే కథ సాగాలి గానీ వంతను వేదిక దించేస్తారా? ఊపు చూసి తోస్తే ఊయల ఎంతెత్తుకైనా పోతుంది. కాపాడినా తోసేసినా ‘అనునాదం’ చెల్లుతుంది. ఇంకొకటి, కథకుడికి అటొకరు ఇటొకరు నిలబడ్డట్టు ఉండేవి ట్రోజన్లనే శకలాలు. గురుడి దారిలోనే 60 డిగ్రీలు ముందు కొన్ని, వెనక కొన్ని. వంతలనాల్సింది వాటినేమో.

కావలి: అక్కా, ఖాళీల సంగతి నాకు తట్టనే లేదు. మీరన్నది నిజం, శాస్త్రం పేరుగా అనునాదమే ఉండాలి. ట్రోజన్ల దగ్గర మాత్రం ఒప్పుకోలేను. నిలబడే తీరు వాటిదే, కానీ గురుడు ఒక చుట్టు తిరిగితే అవీ ఒక చుట్టే తిరుగుతాయి. సందు చూసి అందుకునేవి హిల్డాలే. రేపు బోర్డు మీద ఇలా రాస్తాను: ‘గురుడు రెండు చుట్లు పాడితే హిల్డాలు మూడు చుట్లతో వంత అందుకుంటాయి.’

ఊయల ముందుకు కదలబోయే క్షణం చూసి తోయడానికి మీ ఇళ్లలో ఏమంటారో ఎవరైనా చెప్పండి. నాదం లేని మాట ఒకటి ఆ పాపకు ఇంకా బాకీ ఉన్నాను.