అమెరికా ఫుట్‌బాల్‌కు టీవీ ప్రేక్షకులు తగ్గుతున్నారా?

ప్రశ్న – కడప:
మా అన్న డల్లాస్‌లో ఉండటం వల్ల సూపర్ బౌల్ (అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్.ఎఫ్.ఎల్. ఫైనల్) చూడటం మాకూ అలవాటైంది. ఇక్కడ సోమవారం తెల్లవారుజామున ఐదింటికి లేవాలి. ఎన్.ఎఫ్.ఎల్. ఆటలకు టీవీ ప్రేక్షకులు తగ్గిపోతున్నారన్న మాట నిజమేనా అండీ?

జవాబు – అనంతపురం:
2016, 2017 సీజన్లలో తగ్గిన మాట వాస్తవమే. అధ్యక్ష ఎన్నికల హడావిడి, జాతీయగీతం వేళ కొందరు ఆటగాళ్లు నిరసనగా మోకరిల్లడంపై రేగిన వివాదం, కేబుల్ కనెక్షన్లు వదులుకునేవారు పెరగడం వంటి కారణాలు అప్పట్లో చెప్పారు. ఆ తర్వాత కోలుకుంది. 2025 ఫిబ్రవరి నాటి సూపర్ బౌల్‌ను సగటున 12 కోట్ల మందికి పైగా చూశారు.

జవాబు – కర్నూలు:
ఆ అంకెను కొంచెం జాగ్రత్తగా చూడాలండీ. 2020 నుంచి, టీవీ ప్రేక్షకులను లెక్కగట్టే నీల్సన్ సంస్థ బార్లలో, హోటళ్లలో చూసేవారినీ లెక్కలో కలుపుతోంది కాబట్టి, పాత అంకెలతో నేరుగా పోల్చడం సరికాదు. అయినా, మిగతా టీవీ కార్యక్రమాలు కుదేలైనచోట ఈ ఆట నిలబడిందనే నా అభిప్రాయం. లేకపోతే గురువారం ఆటలను 2022 నుంచి అమెజాన్ అంత డబ్బు పోసి ఎందుకు ప్రసారం చేస్తుంది?