నీళ్లు ఆగని ట్రెక్కింగ్ బూట్లు: పూత వేయాలా, పక్కన పెట్టాలా?

కొండగాలి:
జులైలో మహారాష్ట్రలోని సహ్యాద్రి కొండల్లో ఉన్న కల్సుబాయి శిఖరం ఎక్కాలని అనుకుంటున్నాం. నా బూట్ల సోల్ ఇంకా బాగానే ఉంది. కానీ తడి గడ్డిలో కాసేపు నడిస్తే చాలు, మేజోళ్లు పిండేలా తడుస్తున్నాయి. దుకాణంలో నీటిని జార్చే పూత స్ప్రే కొనమంటున్నారు, స్నేహితులు కొత్తవి కొనమంటున్నారు. ఎవరి మాట వినాలి?

బాటసారి:
ముందు పూత వేయండి. ఈ బూట్లకు రక్షణ రెండు చోట్ల ఉంటుంది: పైబట్ట మీద నీటిని జార్చే పూత, లోపల నీటిని ఆపి ఆవిరిని మాత్రం పోనిచ్చే, గోర్-టెక్స్ లాంటి పలుచని పొర. పూత అరిగితే పైబట్ట నీళ్లు పీల్చుకుంటుంది. అప్పుడు చెమట ఆవిరి బయటికి పోలేక లోపలే నిలుస్తుంది. పొర చెక్కుచెదరకపోయినా పాదం తడుస్తుంది. చాలామంది దాన్నే లీకు అనుకొని మంచి బూట్లు పారేస్తారు. మడతల్లోని మట్టిని మెత్తని బ్రష్‌తో కడిగి, డబ్బా మీద రాసినట్టు పూత వేసి, నీడలో ఆరబెట్టండి. పొయ్యి దగ్గర పెట్టకండి, జిగురు వదులుతుంది.

సహ్యాద్రి:
బాటసారి గారూ, ఈ ప్రయాణానికి అదంతా వృథా శ్రమ. ఆ కొండల్లో జులై వాన ప్యాంటు మీదుగా కారి బూటులోకి పైనుంచే దిగుతుంది. నీటిని ఆపే పొర ఆ నీటిని బయటికీ పోనివ్వదు, మర్నాటికీ బూటు ఆరదు. పలుచని జాలీబట్ట షూ అయితే నడుస్తుండగానే నీరు పోతుంది. 1646 మీటర్ల ఆ శిఖరానికి ఇనుప నిచ్చెనలు ఎక్కాలి. తడి ఇనుము మీద కావలసింది పట్టు. సోల్ కింది గాడులు అరిగాయా లేదా చూసుకోండి, రాత్రికి పొడి మేజోళ్లు విడిగా కట్టుకోండి.

మంచుదారి:
సహ్యాద్రి కొండల వరకు ఆ మాట ఒప్పుకుంటాను. అదే జాలీ షూతో శీతాకాలంలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం మంచులోకి వెళ్లమని మాత్రం ఎవరికీ చెప్పకండి. సున్నా కంటే తక్కువ చలిలో తడి పాదానికి వేళ్లు గడ్డకట్టే ప్రమాదం ఉంది. కొండగాలి గారూ, బూటులో పొడి కాగితాలు కుక్కి, నీరు పైనుంచి లోపలికి పోకుండా చూస్తూ బకెట్‌లో, వేళ్ల దగ్గర ముడుచుకునే చోటు మునిగేదాకా ముంచి ఉంచండి. కాగితం ఎక్కడ తడిసిందో అక్కడే లోపం.

కొండగాలి:
చూశాను. కుడి బూటు పొడిగానే ఉంది. ఎడమదానిలో చిటికెన వేలి పక్కన, నడిచేటప్పుడు ముడుచుకునే చోట, కాగితం తడిసి ముద్దయింది.

బాటసారి:
అయితే అక్కడ పొర చిరిగి ఉండాలి. స్ప్రే దాన్ని అతికించదు. కుట్టు దగ్గరే అయితే సీలెంట్ (నీరు చొరకుండా మూసే జిగురు) రాసి చూడవచ్చు, కానీ ముడుచుకునే చోట అది ఎక్కువ కాలం నిలవదు. అయినా పారేయమనను, పొడి నేల మీద ఇంకా పనికొస్తాయి.

మంచుదారి:
దానికి ముందు సోల్ పైనున్న మెత్తని భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కండి. అది పాలియురిథేన్ అనే నురుగు ప్లాస్టిక్ అయితే అల్మరాలో ఊరకే ఉన్నా ఏళ్లకు గాలిలోని తేమతో పాడవుతుంది. పగుళ్లు కనిపించినా, పొడి రాలినా దారి మధ్యలో సోల్ ఊడిపోవచ్చు. అలాంటి బూట్లను పొడి నేలకైనా తీసుకెళ్లవద్దు.

సహ్యాద్రి:
సోల్ సరిగ్గా ఉంటే జులైకి వాటినే వేసుకోండి. ఎలాగూ తడిసేవే. పాత బూట్లు పాదానికి అలవాటుపడి ఉంటాయి. కొత్తవి కొంటే మాత్రం నేరుగా కొండకు తేకండి, నానిన చర్మానికి బొబ్బలు త్వరగా వస్తాయి.