పదహారేళ్ల అమ్మాయి క్లెయిమును "ముందే ఉన్న జబ్బు" అని తిరస్కరించారు, ఏం చేయాలి?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు):
మా అమ్మాయి పీయూ (మన ఇంటర్ లాంటిది) మొదటి సంవత్సరం చదువుతోంది. గత జూలైలో తిండీ నిద్రా మానేసి, బతకాలని లేదని అనడంతో, సైకియాట్రిస్టు సలహా మీద ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంచాం. తీవ్రమైన డిప్రెషన్ అని చెప్పారు. బిల్లు 1,18,000 రూపాయలు అయింది. ఇంటిల్లిపాదికీ కలిపి ఉన్న మా ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ అప్పటికి 14 నెలల కిందట తీసుకున్నది. డిశ్చార్జ్ సమ్మరీలో "రెండేళ్లుగా లక్షణాలు" అని ఉంది కాబట్టి ఇది పాలసీకి ముందే ఉన్న జబ్బనీ, అలాంటి జబ్బులకు డబ్బు ఇవ్వని మూడేళ్ల వెయిటింగ్ పీరియడ్ పూర్తికాలేదనీ చెప్పి కంపెనీ క్లెయిము తిరస్కరించింది. నిజానికి పాలసీకి ముందు మేము ఏ డాక్టరునూ కలవలేదు. తొమ్మిదో తరగతిలో స్కూలు కౌన్సెలరు అమ్మాయితో రెండుసార్లు మాట్లాడారు, అంతే. మానసిక జబ్బులకు అసలు బీమాయే వర్తించదని ఏజెంటు అంటున్నారు. నలుగురికీ తెలిసిపోతుంది, వదిలేయమని మా వారు అంటున్నారు. పోరాడడంలో అర్థముందా?

సమాధానం 1 (ఆసుపత్రి ఇన్సూరెన్సు డెస్కులో పనిచేసిన అనుభవంతో):
అమ్మా, ముందుగా మీ ఏజెంటు మాటను పక్కన పెట్టండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. శారీరక జబ్బులకు ఏ ప్రాతిపదికన బీమా ఇస్తారో మానసిక జబ్బులకూ అదే ప్రాతిపదికన ఇవ్వాలని దాని 21వ సెక్షన్ చెబుతుంది. అన్ని పాలసీలూ 2022 అక్టోబరు 31 లోగా దీనికి అనుగుణంగా ఉండాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గడువు కూడా పెట్టింది.

అసలు చిక్కు ఆ "రెండేళ్లుగా" అన్న ఒక్క మాటలో ఉంది. అడ్మిషన్ రోజున డ్యూటీ డాక్టరు "ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అని అడుగుతారు, తల్లి కంగారులో, పిల్ల మొదటిసారి ముభావంగా కనిపించిన రోజు దాకా వెనక్కి వెళ్లి చెబుతుంది, అది కేస్ షీటులోకి, అక్కడి నుంచి సమ్మరీలోకి ఎక్కుతుంది. ఇలాంటి కాగితాలు నేను ఎన్ని చూశానో లెక్కలేదు. అయితే ఇప్పటి నిర్వచనం ప్రకారం, పాలసీకి ముందు 36 నెలలలో వైద్యుడు నిర్ధారించిన జబ్బు, లేదా వైద్యుడి సలహా గానీ చికిత్స గానీ పొందిన జబ్బు మాత్రమే ముందే ఉన్న జబ్బు అవుతుంది. డాక్టరు చూడని లక్షణాలు ఆ లెక్కలోకి రావు. స్కూలు కౌన్సెలరు వైద్యుడు కాదు కాబట్టి ఆ రెండు మాటామంతీలు కూడా రావు.

కేస్ షీటు దిద్దమని మాత్రం ఎవరినీ అడగకండి. దిద్దిన కాగితం మీకే చేటు చేస్తుంది. జబ్బును మొదట ఏ తేదీన నిర్ధారించారో, అంతకుముందు చికిత్స ఏదీ జరగలేదని తమ రికార్డులు చూపుతున్నాయో లేదో తెలుపుతూ వేరే ఉత్తరం ఇవ్వమని సైకియాట్రిస్టును కోరండి. దాన్ని జతచేసి, కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి.

సమాధానం 2 (సర్జాపుర రోడ్డు):
ఇంత తలనొప్పి ఎందుకండీ? ఈసారికి పోగొట్టుకుని, వచ్చే ఏడాది వేరే కంపెనీలో పాలసీ తీసుకుని, ఫారంలో ఈ సంగతి రాయకుండా ఉంటే సరిపోతుంది కదా.

సమాధానం 3 (జయనగర్, ఇదే దారిలో నడిచిన ఒక తండ్రి):
పై సలహా దయచేసి పాటించవద్దు. 60 నెలలు నిరంతరంగా ప్రీమియం కట్టిన తరువాత, విషయం దాచారన్న కారణంతో కంపెనీ క్లెయిము ఆపడానికి వీల్లేదన్నది నిజమే; కాని మోసం రుజువైతే ఆ రక్షణ ఉండదు, పైగా ఆ ఐదేళ్లూ అమ్మాయికి పాలసీ ఉన్నా లేనట్టే. పాతదాన్నే రెన్యువల్ చేసుకోండి, వెయిటింగ్ పీరియడ్‌లో నడిచిన నెలలు పోవు.

మా అబ్బాయి విషయంలో గ్రీవెన్స్ విభాగం నుంచి నాకు వచ్చింది మొదటి ఉత్తరానికి నకలు, తేదీ ఒక్కటే మారింది. మీకూ అలాగే వస్తే, లేదా నెల రోజులలో జవాబు రాకపోతే, బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. కర్ణాటకకు సంబంధించిన కార్యాలయం ఇక్కడే జేపీ నగరులో ఉంది. రుసుము లేదు, లాయరు అక్కరలేదు. 50 లక్షల వరకు తీర్పు ఇచ్చే అధికారం ఉంది. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలన్నది మరువకండి. నా డబ్బు చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది.

మీ వారి బెంగ నాకు తెలుసు, నేనూ అదే మాట అన్నవాణ్ణి. చికిత్స వివరాల గోప్యత పైన చెప్పిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే 23వ సెక్షన్ కింద హక్కు.

ఇంకొక సంగతి. చాలా పాలసీలు ఆసుపత్రిలో పడుకుంటేనే డబ్బు ఇస్తాయి, ఓపీడీ (చేరకుండా చూపించుకునే) ఖర్చు ఇవ్వవు. అయితే డిశ్చార్జ్ తరువాత 60 లేదా 90 రోజుల వరకు, అదే జబ్బుకు అయిన డాక్టరు ఫీజులూ మందుల ఖర్చూ ఇచ్చే నిబంధన వీటిలో తరచుగా ఉంటుంది. మీ పాలసీలో చూడండి. ఆ గడువు దాటాక ఖర్చు భరించలేకపోతే హోసూరు రోడ్డులోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల, కౌమారుల మనోవైద్య విభాగం ఉంది. నిరీక్షణ ఎక్కువే, టిఫిను కట్టుకుని వెళ్లండి. రాత్రివేళ అమ్మాయి మళ్లీ అలాంటి మాట అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. "తొమ్మిదో తరగతి నుంచే ఇలా ఉందండీ" అని ఆ రోజు డ్యూటీ డాక్టరుతో అన్నది నేనే, ఇప్పుడు గుర్తొచ్చింది. సోమవారం సైకియాట్రిస్టును కలిసి ఉత్తరం అడుగుతాను. మా పాలసీలో 60 రోజుల నిబంధన ఉంది, కాని డిశ్చార్జ్ తరువాత కొన్న మందుల బిల్లులన్నీ పారేశాను. మెడికల్ షాపు అబ్బాయిని అడిగితే, ఫోన్ నంబరుతో వెతికి మళ్లీ ప్రింటు తీసి ఇస్తానన్నాడు.