నెబ్రాస్కా మట్టి ఇళ్ల పిల్లలు: పని నేర్చారా, పనిలో అరిగిపోయారా?

మెట్టపొలం:
సాలమన్ బుచర్ 1886 నుంచి అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం, కస్టర్ కౌంటీలో తీసిన ఫోటోలు చూస్తూ కూర్చున్నా. చెట్టూ చేమా లేని బయలు, గడ్డివేళ్లతో సహా కోసిన మట్టిపెళ్లలు పేర్చి కట్టిన ఇల్లు, ముందు పిల్లాజెల్లా. ఒకదాంట్లో ఆవు ఏకంగా ఇంటి కప్పు మీదున్నట్టే ఉంటుంది! ఆ పిల్లలకు పాలు పితకడం, నీళ్లు మోయడం, కలుపు తీయడం అన్నీ వచ్చు. మావాడికి పదమూడేళ్లు, తిన్న కంచం తియ్యడు. ఎవరిది మంచి పెంపకమంటారు?

ఏటిగట్టు:
ఫోటోకి నిలబడ్డ రోజు చూసి చెప్పకండి. సాగు చేసుకునేవాళ్లకు ప్రభుత్వ భూమి ఇచ్చే 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు దక్కాలంటే అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చెయ్యాలి. కూలీలను పెట్టుకునే స్తోమత ఎంతమందికుంది? కంచె వేద్దామంటే కర్ర లేదు. గ్లిడెన్ అనే ఆయన ముళ్లతీగకి పేటెంటే 1874లో వచ్చింది, అదీ కొనాలిగా. కాబట్టి ఆవుకీ మొక్కజొన్నకీ మధ్య ఎనిమిదేళ్ల పిల్లే కంచె. పట్టా మాత్రం నాన్న పేరున.

చెరువుకొమ్ము:
పొయ్యిలోకి కట్టెల్లేక ఎండిన అడవిదున్నల పేడ, ఆ తర్వాత ఆవుపేడ ఏరుకొచ్చేవారు. మన ఏరుపిడకలే! చిన్నప్పుడు గంప పట్టుకుని ఏరినదాన్నే నేనూ. పైకి ఎండినట్టుంటుంది, ఎత్తితే అడుగున పచ్చి, వేళ్లకంటుకుంటుంది. కానీ అయిదారుగురం కబుర్లాడుకుంటూ వెళ్లేవాళ్లం, బరువనిపించేది కాదు. అక్కడ ఒక్కో కమతం అటూ ఇటూ అరమైలు. తోడెవరు?

మెట్టపొలం:
సొంత పొలంలో పనీ, కూలీ ఒకటేనా? మన దేశపు బాలకార్మిక చట్టమే 2016 సవరణలో బడి అయ్యాక, సెలవుల్లో ఇంటివాళ్లకు సాయపడొచ్చంది.

ఏటిగట్టు:
"బడి అయ్యాక" అని మీరే అంటున్నారు. అక్కడ ఎదిగిన మగపిల్లలకు చలికాలమే బడి. విత్తేటప్పుడూ కోతలప్పుడూ పొలమే. 1874లో మిడతల దండు పడి పంటతో పాటు పనిముట్ల కర్రపిడులూ కొరికేసింది. అలాంటి ఏడు పిల్లాడికి "నువ్వు చదువుకో నాయనా" అనేవాళ్లెవరు?

చెరువుకొమ్ము:
ఇందాక సగమే చెప్పాను. మా ఇంట్లో అన్నయ్య బడికి, నేను గేదెల వెంట. ఏడో తరగతితో ఆపేశారు. పని రాక కాదు, బాగా వచ్చు కాబట్టే. మెట్టపొలం గారూ, మీవాడి కంచానికి నెబ్రాస్కా దాకా ఎందుకండీ, రాత్రి ఎదురుగా నిలబడి తీయించండి.